బయ్యారం చెరువు కింద ఓ గేమ్ లెవెల్

సీజర్ 3 ఆడినవాళ్లకు ఆ మొదటి తెర గుర్తుండే ఉంటుంది. ఖాళీ నేల, చేతిలో కొంత డబ్బు, పైనుంచి రోమ్ చక్రవర్తి ఆజ్ఞలు. రోడ్డు వేసి, నీళ్లు, తిండి అందిస్తే ఊరు దానంతటదే పెరుగుతుంది. ఇంప్రెషన్స్ గేమ్స్ ఈ ఆటను 1998లో తెచ్చింది, మరుసటి ఏడాదే ఈజిప్టు కథతో ఫారో వచ్చింది. ఇన్నేళ్లయినా వీటిని ఆడేవాళ్లు ఉన్నారంటే ఒక కారణం ఎడిటర్. మ్యాప్ మనమే గీసుకోవచ్చు, కష్టాలు మనమే పెట్టుకోవచ్చు. అలా తయారైనదాన్ని సినారియో అంటారు. ఒక్క లైన్ కోడ్ కూడా రాయక్కర్లేదు.

రోమ్‌నే మళ్లీ ఎందుకు గీయాలి? ఓరుగల్లు చుట్టుపక్కల నేలలో ఇంతకన్నా మంచి సరుకు ఉంది. నేను మూడు చోట్లు తీసుకున్నా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.

అసలు చిక్కు నీళ్ల దగ్గర వస్తుంది. సీజర్ 3లో పొలానికి వానతో పని లేదు, ఎడిటర్‌లో సారవంతమైన నేల అని రంగు వేస్తే చాలు, గోధుమ పండుతుంది. ఫారోలో నైలు వరద దానంతటదే పొలం మీదికి వస్తుంది. మన దగ్గర అలా కుదరదు. పడ్డ వానను కట్ట వేసి ఆపాలి, తూము తెరిచి వదలాలి. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉంది కాబట్టి చరిత్రకారులకు అది ముఖ్యం. గేమ్ డిజైనర్‌కు ఇంకో సంగతి ముఖ్యం: చెరువు పనిని రాజు ఒక్కడే చూసుకోలేదు, రాజకుటుంబం, సేనానులు కూడా పూనుకున్నారు. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించింది సేనాని రేచర్ల రుద్రుడే. దాని పక్కనే పెద్ద చెరువు. గుడి, చెరువు, ఊరు ఒక సెట్‌గా వస్తాయన్నమాట.

దీన్ని ఆటలోకి ఎలా తేవాలి? మ్యాప్ పైభాగంలో చెరువు గీయండి. దాని కిందివైపు రాళ్ల వరుస పెడితే అదే కట్ట. కట్ట కింద ఆయకట్టు మేరకే సారవంతమైన నేల వేయండి, మిగతాదంతా ఉత్త నేల. ఇప్పుడు ఆటగాడికి పరీక్ష మొదలవుతుంది. పొలానికి కూలీలు దొరకాలంటే ఇళ్లు దగ్గర్లో ఉండాలి. మంచి నేల మీదే ఇళ్లు కడితే తిండి తగ్గుతుంది. దూరంగా కడితే పొలం బీడు పడుతుంది. మన పాత ఊళ్లు చాలావరకు ఆయకట్టును వదిలేసి పక్కనున్న మెరక మీద ఎందుకున్నాయో ఆడే కుర్రాడికి పది నిమిషాల్లో అర్థమైపోతుంది. నాకు ఈ పనిలో బాగా నచ్చింది ఇదే.

మూడు మ్యాపులకూ కష్టం వేరు. జనగామలో రాళ్లు ఎక్కువ, పచ్చనేల తక్కువ. పెంబర్తి ఇత్తడి పనికి ఈ ఆటలో సరుకే లేదు, ఇనుము తెప్పించుకుని ఆయుధాల కొట్టు నడపడమే దగ్గరి దారి. బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది కాబట్టి ఇనుప గనులు ఇవ్వండి, తర్వాత ఎడిటర్‌లోనే ఉన్న 'గని కూలడం' అనే ఘటనను కూడా పెట్టండి. భూపాలపల్లి వైపు కలప పుష్కలం. గణపురం చెరువు, కోటగుళ్లు మ్యాప్ మధ్యలో. సింగరేణి బొగ్గు జోలికి మాత్రం వెళ్లొద్దు, అది చాలా తర్వాతి కథ.

రోమ్ స్థానంలో ఓరుగల్లును ఊహించుకోండి. కోట పనికి కలప, సైన్యానికి ఆయుధాలు అడుగుతుంది, గడువు దాటితే ఆదరణ తగ్గుతుంది. ఆటలో కరువు అనే ఘటన లేదు. అందుకే ధాన్యం ధర పెంచి, అదే ఏడాది ధాన్యం పంపమని ఆజ్ఞ వేస్తే కరువు తెలిసొస్తుంది. సముద్ర వ్యాపారానికి మోటుపల్లి ఉండనే ఉంది. 1244లో గణపతిదేవుడు అక్కడే విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. కర్పూరం, ముత్యాలు ఆటలో లేవు కదా అని బెంగపడక్కర్లేదు, దిగుమతి ఖరీదుగా ఉంటే చాలు. 1309-10 ఓరుగల్లు ముట్టడిని చివరి పరీక్షగా పెట్టొచ్చు.

మ్యాప్‌కు ఆధారం ఇస్రో వారి భువన్, సర్వే ఆఫ్ ఇండియా షీట్లు. అయితే వాటిలో ఇవాళ్టి నేల ఉంటుంది. జనగామ వైపు దేవాదుల రిజర్వాయర్లు, కాలువలు తీసేసి చూడాలి. లేకపోతే 13వ శతాబ్దపు ఊరికి గోదావరి నీళ్లు ఎత్తిపోసినట్టవుతుంది!

ఉద్యోగం మాటేంటి? సూటిగా చెప్తా, ఒక్క సినారియోతో కొలువు రాదు. లెవెల్ డిజైనర్ కావాలంటే యూనిటీ లేదా అన్‌రియల్ నేర్చుకోవాల్సిందే. కానీ అమీర్‌పేటలో కోర్సుకు డబ్బు కట్టేముందు ఈ పని మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంత చవకైన దారి నాకు కనబడలేదు. పాత లాప్‌టాప్ సరిపోతుంది. అసలు ఆట స్టీమ్, గాగ్ సైట్లలో దొరుకుతుంది. అది కొన్నాక ఆగస్టస్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌తో ఇప్పటి కంప్యూటర్లలో హాయిగా నడుస్తుంది. ఇంటర్వ్యూకు మ్యాప్ ఫైల్‌తో పాటు ఒక పేజీ నోట్ తీసుకెళ్లండి: ఆటగాడికి ఏది తక్కువ చేశారు, ఎందుకు చేశారు. ముగ్గురు స్నేహితులతో ఆడించి, పక్కన నోరు మెదపకుండా కూర్చుని, ఎవరి డబ్బు ఏ ఏడాదిలో అయిపోయిందో రాసుకోండి. 'ఇది ఇక్కడే ఎందుకు పెట్టావు?' అని అడిగితే బదులు ఆ కాగితాల్లోనే ఉంటుంది.

మొదటి మ్యాప్ 60 గడులు చాలు, 160 గడుల జోలికి ఇప్పుడే వద్దు. ఎడిటర్ తెరిచే ముందు మీ ఊరి చెరువు కట్ట మీద ఓసారి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. మత్తడి ఎటు పోతుందో, ఇళ్లు ఏ వైపున్నాయో చూసుకోండి. నీరటి పని చేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే, కరువు ఏడాది ఏ తూము ముందు మూసేవారో అడగండి.