రాయపూర్‌లో ఒక పాత పిస్టలు

పార్లమెంటు సమావేశాలు లేని వారం ఢిల్లీ విలేఖరికి సెలవు వంటిది. ఇటీవల అటువంటి వారమొకటి రాయపూర్‌లో గడపవలసి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా నుంచి నలభై ఏళ్ళ క్రిందట వెళ్ళి అక్కడ బియ్యం మిల్లు పెట్టుకున్న మిత్రులొకరు భోజనానికి పిలిచారు. తాంబూలంతోపాటు ఒక ధర్మసందేహాన్ని కూడా నా ముందుంచారు. లైసెన్సు చేతికి వచ్చింది. ఆయుధం కొనడానికి గడువు దగ్గరపడుతున్నది. ఒక పాత పిస్టలు అమ్మకానికున్నది. కొనడమా, మానడమా?

ఆ పిస్టలు వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీది. పాయింటు 32 బోరు. లండన్ పోలీసులు 1911లో చేపట్టిన రకం. రెండవ ప్రపంచ యుద్ధ కాలానికే దాని తయారీ ఆగిపోయింది. 1979లో ఆ కంపెనీ తుపాకుల తయారీ నుంచే తప్పుకున్నది. సొంతదారైన విశ్రాంత అధికారి కాలం చేయగా, వారసులు దానిని చట్టప్రకారం ఒక లైసెన్సుదారు దుకాణంలో డిపాజిట్ చేశారు. అడుగుతున్న వెల కొన్ని లక్షలు!

ముత్తాత వయసున్న ఇనుముకు ఇంత వెల ఏమిటని మిత్రుల ఆశ్చర్యం. ఆ వెల పిస్టలుది కాదు, ప్రభుత్వ విధానానిది. 1980ల మధ్యలో సామాన్య పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడాన్ని ప్రభుత్వం నిలిపివేసింది. నాటినుంచి దేశంలో మిగిలిన విదేశీ పిస్టళ్ళే చేతులు మారుతున్నవి. అయితే మా పార్లమెంటు సభ్యులకు వేరొక ద్వారం ఉండేది. కస్టమ్స్ వారు జప్తు చేసిన విదేశీ ఆయుధాలను వారికి అమ్మేవారు. సమాచార హక్కు చట్టం పుణ్యమా అని ఆ జాబితాలు బయటికి వచ్చినప్పుడు చాలామంది ముఖాలు చిన్నబోయినవి.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పక తప్పదు. 1878 నాటి ఆయుధ చట్టం భారతీయులను నిరాయుధులను చేసిందని మన జాతీయ నాయకులు దశాబ్దాలపాటు ఆక్రోశించారు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరహక్కులలో చేర్చింది కూడా. రాయపూర్ అప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. ఆ రాష్ట్రం నుంచే రాజ్యాంగ సభకు వచ్చిన హెచ్.వి. కామత్ 1948 డిసెంబరులో ఆ హక్కును రాజ్యాంగంలో పెట్టాలని సవరణ ప్రతిపాదించగా సభ త్రోసిపుచ్చింది. కనుక నేడు మిత్రుల చేతిలో ఉన్నది హక్కు కాదు, కలెక్టరుగారి అనుమతి. 2019 సవరణ ప్రకారం దాని ఆయుర్దాయం ఐదేళ్ళు.

బేరం కుదిరినంత మాత్రాన పిస్టలు చేతికి రాదు. ఒక వ్యక్తి మరొకరికి ఆయుధం అమ్మదలిస్తే, కొనేవారి పేరు, చిరునామా తెలుపుతూ జిల్లా మేజిస్ట్రేటుకుగాని, దగ్గరి పోలీసు స్టేషనుకుగాని వ్రాసి ఇవ్వాలి. తరువాత 45 రోజులు ఆగాలి. ఈ 45 రోజులూ కొనేవారికి ఆలోచించుకోవడానికే ఇచ్చారేమోనని నాకనిపిస్తుంది.

దుకాణానికి నేను కూడా వెళ్ళాను. పిస్టలు మీది నంబరు, పాత లైసెన్సులోని నంబరు ఒకటే; అంతవరకు మేలు. అయితే ఆ రకం పిస్టలులో వెనుకకు పోయిన స్లయిడును తిరిగి ముందుకు తెచ్చే స్ప్రింగు కుడివైపు పిడి పలక క్రింద, ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉంటుంది. అది విరిగితే? పనివాడు చేత్తో సాగగొట్టి చేయవలసిందే. తూటాలో సైతం మెలిక ఉన్నది. పాయింటు 32 రివాల్వరు తూటా వేరు, పిస్టలు తూటా వేరు. ఒకటి కొని మరొకదానిలో పెట్టడానికి వీలులేదు.

ఇంతకూ భయమెవరివల్ల? మిల్లు నుంచి రాత్రివేళ రొక్కంతో ఇంటికి రావలసి ఉంటుందన్నారు. రొక్కం తెచ్చేది గుమాస్తా, లైసెన్సు యజమానిది. అతని చేతికి దీనిని ఇస్తే నేరం! ఎన్నికలు వస్తే చాలామంది లైసెన్సుదారులు ఆయుధాలను ఠాణాలో అప్పగించవలసి వస్తుంది. అంటే ఊరు ఉద్రిక్తంగా ఉన్న రోజులలోనే పిస్టలు ఇంట ఉండదు. ఆయుధం చేతికిచ్చి రక్షణ కల్పించడమనే ప్రయోగం ఛత్తీస్‌గఢ్ ఇదివరకే పెద్దయెత్తున చూసింది. బస్తర్‌లో ప్రత్యేక పోలీసు అధికారులకిచ్చిన తుపాకులను వెనుకకు తీసుకోవలసిందని 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తీర్పు వ్రాసిన ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉన్నారు.

మిత్రుల సతీమణి అంతవరకూ మాట్లాడలేదు. "అన్నయ్యగారూ, మనవడికి ఆరేళ్ళు. ఈ ఇంట్లో వాడికి తెలియని బీరువా లేదు" అన్నారు. అంతే.

వద్దనే నా సలహా. మరీ పట్టుబడితే, వెబ్లీ పేరిటనే ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లాలో ఇటీవల రివాల్వర్లు తయారవుతున్నవి, విడిభాగాలైనా దొరుకుతాయన్నాను. రొక్కం సంగతి బ్యాంకుతో మాట్లాడమని కూడా చెప్పాను. మొన్న ఫోను చేశారు. వారసులు నోటీసు వ్రాసి సిద్ధంగా ఉంచుకొని ఈయన మాట కోసం ఎదురుచూస్తున్నారట. బ్యాంకు మేనేజరును కలిసేదాకా ఆగమన్నారట ఈయన.