అన్నిటికీ "టెన్షన్" అంటే సరిపోదు

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పుకున్నది చదువుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నా.

ఎడ్మంటన్‌లో సైట్ మీద మనవాళ్లని "ఏంటి తమ్ముడూ, అదోలా ఉన్నావ్?" అని అడిగితే జవాబు ఒక్కటే: "ఏం లేదన్నా, టెన్షన్." కానీ మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. అమ్మానాన్నల మీద ఉండేది బెంగ. అప్పు, పీఆర్ గురించి ఉండేది గుబులు. నలుగురిలో ఎవరో అరిస్తే, తిరిగి అనలేక లోపల రగిలేది ఉక్రోషం. కారణం తెలీకుండా రోజుల తరబడి మనసు బరువుగా ఉంటే దిగులు.

పేరు పెడితే ఏం ఒరుగుతుంది అంటారా? 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్లు తీసి చూసింది. కోపం, భయం ఉన్న ముఖాలు చూపించి ఆ భావానికి పేరు చెప్పమంటే, మెదడులో అమిగ్డలా అనే భాగం జోరు తగ్గింది.

పైగా పేరు తెలిస్తే మందు తెలుస్తుంది.

బెంగకి: ఫోన్‌కి ఒక టైమ్ పెట్టుకోండి. చలికాలంలో ఇక్కడ సాయంత్రం 7 అంటే ఇంటిదగ్గర మర్నాడు ఉదయం 7:30.

గుబులుకి: కాగితం తీసుకోండి. మన చేతిలో ఉన్నవి ఒక పక్క, లేనివి ఇంకో పక్క రాయండి. మొదటి పక్కనుంచి ఒక్క పని ఇవాళే చేయండి.

ఉక్రోషానికి: పరంజా ఎక్కేముందు పది నిమిషాలు ఆగండి, ఊపిరి నిదానంగా వదలండి. రగిలిపోతున్నవాడు హార్నెస్ హుక్ తగిలించాడో లేదో చూసుకోడు. చల్లబడ్డాక ఆ మనిషితోనే విడిగా మాట్లాడండి.

దిగులుకి: డిసెంబర్‌లో ఇక్కడ సూర్యుడు 8:45 ప్రాంతంలో వచ్చి 4:15కల్లా వెళ్లిపోతాడు. లంచ్ బ్రేక్‌లో బయట నడవండి. 10,000 లక్స్ లైట్ ముందు పొద్దున్నే అరగంట కూర్చుంటే చాలామందికి పనిచేస్తుంది; కంటి జబ్బు, బైపోలార్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. మందు తాగితే ఆ పూట మరిచినట్టుంటుంది గానీ నిద్ర చెడి దిగులు పెరుగుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక బతకాలని లేదనిపిస్తే 9-8-8. 2023 నవంబర్ 30 నుంచి కెనడా అంతటా ఉంది. కాల్ చేయొచ్చు, టెక్స్ట్ చేయొచ్చు. ఇంగ్లిష్, ఫ్రెంచ్‌లలో, 24 గంటలూ, ఉచితం. ఇండియాలో ఇంట్లోవాళ్లకి టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

రూమ్మేట్ మీద అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే పక్కనే కూర్చుని, ఆ నంబర్ మీరే కలపండి.