వెబ్‌సైటుకు చౌక వసతి ఎట్లు సాధ్యము?

కె.గంగవరము మండలములోని కోటిపల్లి రేవునుండి, బల్లకట్టువంటి పంటుమీద గౌతమిని దాటినవారికి ఒక సంగతి అనుభవములోనిదే. మనిషికొక పంటు కట్టవలసివచ్చినచో ఆ ప్రయాణము ఎవరికిని అందుబాటులో నుండదు. ఒకే పంటుమీద పదులకొలది మనుష్యులు, సైకిళ్లు ఎక్కుటచేతనే ఒక్కొక్కరి చార్జీ తగ్గును. అయితే శివరాత్రివంటి రద్దీ దినమున రేవులో ఎంతసేపు నిలువవలసివచ్చునో ఊహింపవచ్చును. బ్లాగులు వ్రాయువారికి, చిన్న వెబ్‌సైట్లు నడుపువారికి తక్కువ వెలకు వసతి కల్పించు వెబ్ సేవలోని శాస్త్రమంతయు ఈ రెండు సంగతులలోనే ఇమిడియున్నది.

వెబ్‌సైటు అనగా ఒక కంప్యూటరులో భద్రపరచిన పుటల సముదాయము. ఆ కంప్యూటరు రాత్రింబవళ్లు మేల్కొనియుండి, అడిగినవారికి అడిగిన పుటను పంపుచుండవలెను. దీనిని సర్వరు అందురు. ఇంటిలోని కంప్యూటరునే సర్వరుగా వాడరాదా? వాడవచ్చును, కాని కరెంటు పోయిన క్షణమున వెబ్‌సైటు కూడ పోవును. అందుచే ఎడతెగని విద్యుత్తు, చల్లదనము గల ప్రత్యేక భవనములలో సర్వరులను ఉంచి అద్దెకిచ్చుచుందురు. ఆ భవనము హైదరాబాదులో ఉన్నను కోనసీమ పాఠకునకు నష్టమేమియు లేదు. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. 500 కిలోమీటర్ల దారికి దానికి పట్టునది సెకనులో 400వ వంతు మాత్రమే.

కె.గంగవరములో ఒక యువకుడు అట్టి సర్వరు నొకదానిని అద్దెకు తీసికొని, బ్లాగర్లకు పంచియిచ్చు సేవను ప్రారంభించెననుకొందము. ఒక బ్లాగును దినమునకు 300 మార్లు తెరచెదరనియు, ఒక్కొక్క పుటను సిద్ధము చేయుటకు సర్వరుకు సెకనులో పదవ వంతు పట్టుననియు అనుకొందము. దినమునకు 86,400 సెకనులు. అందులో ఆ బ్లాగు సర్వరుకు పెట్టు పని మొత్తము 30 సెకనులే! మిగిలిన కాలమంతయు సర్వరు ఊరకున్నట్లే. 200 బ్లాగులను దానిలో ఉంచినను 6,000 సెకనుల పనియే అగును. అద్దె మాత్రము 200 మందికి పంచబడును.

ఒకే సర్వరులో 200 వెబ్‌సైట్లున్నచో, వచ్చినవాడు ఎవరి పుటకొరకు వచ్చెనో దానికెట్లు తెలియును? ఇంటర్నెట్టులో ప్రతి సర్వరుకు ఐ.పి. చిరునామా యను ఒక సంఖ్య కలదు. పాత పద్ధతిలో ఈ సంఖ్యకు 32 బిట్లు; కావున ప్రపంచమంతటికిని సుమారు 429 కోట్ల చిరునామాలే ఏర్పడును. మొదట్లో సాధారణముగా వెబ్‌సైటుకొక చిరునామా కావలసివచ్చెడిది. 1997లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నియమావళి ఈ చిక్కును విడదీసినది. పుటను కోరు ప్రతి అభ్యర్థనలోను బ్రౌజరు ఆ వెబ్‌సైటు పేరును కూడ తెలుపవలెనని అది విధించినది. ఒకే ఇంటిలో నలుగురు కాపురమున్నను, ఉత్తరముపై పేరున్నచో పోస్టుమాను పొరబడడు గదా! రహస్య సంకేతములతో పుటలను పంపుటకు కావలసిన ధ్రువపత్రమునకు పూర్వము ఏటేట రుసుము చెల్లింపవలసియుండెడిది. 2015 నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సేవ దానిని ఉచితముగా ఇచ్చుచున్నది.

ఇక శివరాత్రి సంగతి. పాఠకులు దినమంతయు సమానముగా రారు. పై 200 బ్లాగులకు సగటున సెకనుకు 0.7 అభ్యర్థనలు వచ్చును. రద్దీ వేళ అవి పదిరెట్లయి 7 అయినచో, సర్వరు ప్రతి సెకనులోను 0.7 సెకను పనిలో మునిగియుండును. ఇంకను 0.3 మిగిలియున్నది గదా యని సంతోషింపరాదు. డెన్మార్కు దేశీయుడగు ఎర్లాంగ్ టెలిఫోను పిలుపుల రాకను గణితరీత్యా పరిశీలించి 1909లో ప్రకటించిన వ్యాసముతో వరుసల శాస్త్రమునకు పునాది పడినది. రాకలును, పనికాలములును యాదృచ్ఛికముగా ఉన్నచో ఆ శాస్త్రములోని ఒక సరళ సూత్రము ఇది:

సగటున పట్టు కాలము = పనికాలము ÷ (1 − వినియోగము)

పనికాలము 0.1 సెకను అయినచో, వినియోగము 0.5 వద్ద 0.2 సెకను పట్టును, 0.9 వద్ద 1 సెకను, 0.99 వద్ద ఏకముగా 10 సెకనులు! పొరుగు బ్లాగు ఒకటి హఠాత్తుగా ప్రసిద్ధికెక్కినచో, ఏ పాపమెరుగని తక్కిన 199 మందియు నెమ్మదించుటకు కారణమిదియే. తక్కువ వెలకే 'అపరిమిత' సేవయని చేయు ప్రకటనలను ఈ సూత్రమును దగ్గరనుంచుకొని చదువవలెను.

దీనికి చక్కని ఉపాయము కలదు. బ్లాగులోని వ్యాసము పాఠకునకొక రీతిగా మారదు. ఒకమారు సిద్ధము చేసిన పుటను దాచి, అడిగినవారికెల్ల ఆ నకలునే పంపిన చాలును. పనికాలము సెకనులో వెయ్యవ వంతుకు దిగినచో, రద్దీ వేళను కూడ వినియోగము 0.007 మాత్రమే.

తెలుగు వ్రాతకు చోటెక్కువ పట్టునను మాట నిజమే. నేడు వ్యాప్తిలో నున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు. 'గంగవరం' అను మాటలో సున్నలతో కలిపి 6 సంకేతములు, అనగా 18 బైట్లు. ఆంగ్ల లిపిలో దానికి 10 చాలును. అయినను 600 మాటల వ్యాసము సుమారు 15 వేల బైట్లే. ఫోనుతో తీసిన 30 లక్షల బైట్ల బొమ్మ ఒకటి అట్టి 200 వ్యాసముల చోటును ఆక్రమించును. తగ్గింపవలసినది బొమ్మను, తెలుగును కాదు.

2006లో వీవెన్ రూపొందించిన 'లేఖిని' వంటి ఉచిత సాధనములవలన కంప్యూటరులో తెలుగు వ్రాయుట సులభమై, తెలుగు బ్లాగులు పెరిగినవి. వ్రాసినది నిలుచుట వేరు సమస్య. జియోసిటీస్ అను ఉచిత వసతిని యాహూ సంస్థ 2009లో మూసివేసినప్పుడు, నకలు తీసికొననివారి పుటలెన్నో పోయినవి. కావున చౌక సేవలో చేరువారు మొదట రెండు ప్రశ్నలు వేయవలెను: డొమైను పేరు ఎవరి పేర నమోదగును? పుటలన్నిటిని మూటగట్టి వేరొకచోటికి తీసికొనిపోవుటకు వీలున్నదా?

సేవ నడుపు యువకునకును ఒక చిక్కు కలదు. సర్వరును 200 మందికి పంచవచ్చును గాని, అతని కాలమును అట్లు పంచుటకు వీలుపడదు. ఒక్కొక్క బ్లాగరు నెలకు పావుగంట సందేహములడిగినను మొత్తము 50 గంటలగును. రుసుము నిర్ణయించునప్పుడు అతడు సర్వరు అద్దెకంటె ముందుగా లెక్కింపవలసినది ఈ 50 గంటలను.