కారులో చాయ్ ఒలికిందా? రుద్దకండి, అద్దండి

హైదరాబాద్‌లో రోడ్డు పక్కన కారు ఆపి, అందులోనే కూర్చుని ఇరానీ చాయ్ తాగడం మామూలే. కప్పు జారితే సీటు తడిసిపోతుంది. పాలు లేని టీ అయితే మరకతోనే సరి. చాయ్, లస్సీ, ఫలూదా అలా కాదు. తుడిచేశాం కదా అనుకుంటాం, రెండు రోజులు ఎండలో నిలిపాక డోర్ తీయగానే పులిసిన పాల వాసన గుప్పుమంటుంది. క్యాబ్ నడిపేవాళ్లకైతే అది బేరం పోగొట్టే వాసన.

రుద్దితే పాలు సీటు స్పాంజిలోకి దిగిపోతాయి. పొడి కాటన్ గుడ్డను గట్టిగా అదిమి తడి లాగాలి, గుడ్డ మారుస్తూ ఉండాలి. తర్వాత చల్లటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పిండిన గుడ్డతో అద్దాలి. వేడినీళ్లు వద్దేవద్దు. వేడికి పాలలోని ప్రోటీన్ బిగుసుకుని దారాలకు పట్టేస్తుంది. చివర్లో ఉత్త నీళ్ల గుడ్డతో సబ్బు తీసేయాలి. బాగా ఆరాక వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, వాక్యూమ్ పెడితే వాసన చాలావరకు తగ్గుతుంది. పర్ఫ్యూమ్ కొట్టడం మాత్రం దండగ. రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది.

అసలు మోసం మ్యాట్ కింద ఉంటుంది. మ్యాట్ తీసి ఎండలో వేస్తారు గానీ, కింది కార్పెట్‌ను ఎవరూ నొక్కి చూడరు. దాని అడుగు పొర పాలను పీల్చి రోజుల తరబడి తడిగానే ఉంటుంది.

సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే జాగ్రత్త. చాలా కార్లలో అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లవి. అక్కడ నీళ్లు కొట్టొద్దు, ఊడదీయొద్దు. చాయ్ అంతవరకు వెళ్లిందంటే మెకానిక్‌కు చూపించాల్సిందే.