వృద్ధుల జ్ఞాపకశక్తి పరీక్ష: ఏ భాషలో అడుగుతున్నారన్నదీ ముఖ్యమే

వృద్ధాప్యంలో కనిపించే మతిమరుపు వయసు వల్ల వచ్చినదా, డిమెన్షియాకు ఆరంభమా అని తేల్చడానికి వైద్యులు మొదట ఆధారపడేవి కొన్ని ప్రశ్నలు, ఒక కాగితం, పెన్సిలు. వీటితో జరిపే నాడీ మనోవైజ్ఞానిక పరీక్షలు వృద్ధుల భాషకు, చదువుకు తగినట్టు లేకపోతే ఫలితం తప్పుదారి పట్టించే ప్రమాదం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించవలసి ఉంది.

దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని లాసీ-డాడ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది.

పరీక్షలో ఏముంటుంది?

1975లో అమెరికాలో రూపొందిన మినీ మెంటల్ స్టేట్ పరీక్షకు 30 మార్కులు. తేదీ, వారం, ఉన్న చోటు చెప్పడం, మూడు మాటలు విని కాసేపటి తరువాత గుర్తు చేసుకోవడం, తీసివేతలు చేయడం, బొమ్మను చూసి గీయడం ఇందులోని అంశాలు. 2005లో ప్రచురితమైన మాంట్రియల్ పరీక్షలో గడియారం బొమ్మ గీసి చెప్పిన సమయానికి ముళ్లు పెట్టాలి. ఇవి పది నిమిషాల్లో ముగిసే ప్రాథమిక పరీక్షలు. వీటిలో అనుమానం కలిగితే జ్ఞాపకం, ఏకాగ్రత, భాష, ప్రణాళికా శక్తి వంటి వాటిని విడివిడిగా కొలిచే సుదీర్ఘ పరీక్షలు జరుపుతారు.

మొత్తం మార్కులతో పాటు తప్పులు ఎక్కడ జరిగాయన్నదీ వైద్యులు చూస్తారు. అల్జీమర్స్ వ్యాధిలో సాధారణంగా కొత్తగా విన్న మాటలు నిలవవు. చిన్న ఆధారం అందించినా అంతగా గుర్తుకు రావు. మెదడు రక్తనాళాల సమస్య ఉన్నవారిలో ఆలోచన వేగం తగ్గడం ముందుగా బయటపడవచ్చు.

చదువు లేనివారి మాటేమిటి?

బడికి వెళ్లని వ్యక్తిని వాక్యం రాయమంటే పరీక్షకు గురయ్యేది జ్ఞాపకశక్తి కాదు. ఈ లోపాన్ని గుర్తించిన పరిశోధకులు హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణుల కోసం హిందీ పరీక్షను రూపొందించి 1995లో ప్రచురించారు. అందులో ఇంగ్లీషు పదం అక్షరాలను వెనుక నుంచి చెప్పడానికి బదులు వారాల పేర్లను వెనుక నుంచి చెప్పమన్నారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో పరీక్షల సముదాయాన్ని సిద్ధం చేయించింది.

మోప్కాలో ఎదురయ్యే చిక్కు

బిలాస్‌పూర్ నగర పరిధిలోని మోప్కా వంటి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, కొలువులో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ జీవితం గడిపిన తెలుగు పెద్దలు ఉంటారు. హిందీ బడిలో చదివినవారు తెలుగు ధారాళంగా మాట్లాడినా తెలుగు లిపి చదవలేకపోవచ్చు. హిందీ మాట్లాడగలిగినా ఆ భాషలో వేగంగా మాటలు అందుకోలేనివారూ ఉంటారు. అందువల్ల ఏ భాష మాట్లాడతారు, ఏ లిపి చదువుతారు, ఎంతవరకు చదివారు అన్న మూడు సంగతులను కుటుంబ సభ్యులు ముందే వైద్యునికి విడివిడిగా తెలపాలి.

బహుభాషా జీవితం వల్ల మేలు కూడా ఉండవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు అందులో తేలింది. అయితే ఆలస్యం అవుతుందే గాని వ్యాధి రాదని దీని అర్థం కాదు.

కుటుంబం పాటించవలసినవి

పరీక్షకు వెళ్లేటప్పుడు కళ్లద్దాలు, వినికిడి యంత్రం మరువరాదు. అనువాదం చేసే కొడుకో కోడలో తెలియకుండానే జవాబు అందిస్తే మార్కులకు విలువ ఉండదు. పింఛను లెక్క తప్పడం, అలవాటైన వంట మరచిపోవడం, తెలిసిన దారిలో తడబడటం వంటి మార్పులను, అవి ఎప్పుడు మొదలైనవో రాసి తీసుకువెళ్లాలి.

తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన డిమెన్షియా అని నిర్ధారించరు. మనోవ్యాకులత, థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, కొన్ని రకాల మందులు కూడా మతిమరుపును కలిగిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. కొన్ని నెలల తరువాత అదే భాషలో, అదే తరహా పరీక్షను మళ్లీ జరిపితే మార్పు స్పష్టమవుతుంది. వృద్ధులకు సంబంధించిన సమాచారం కోసం జాతీయ సహాయవాణి 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.