వీరబృందపు బొమ్మలకథ: గుణదోషములు

శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారి చందమామ ముఖచిత్రములను చూచుచు పెరిగిన మన యిండ్లకు బొమ్మను పరీక్షించుట క్రొత్త గాదు. కన్నులలోని భావమును, నిలిచిన తీరును బట్టి పాత్రస్వభావమును గ్రహింపనేర్చితిమి. ఆ చూపుతోనే, మన పిల్లలు తెరపై చూచి ముచ్చటపడు ‘అవెంజర్సు’ వీరుల తొలి సంచికను పరిశీలింతము.

అది 1963లో అమెరికాలో వెలువడినది. కథ స్టాన్ లీ, చిత్రములు జాక్ కర్బీ. మాయావియైన లోకి, థారును రప్పించుటకై హల్కుపై నింద మోపును. ఐరన్ మాన్, యాంట్ మాన్, వాస్ప్ అనువారును వచ్చి చేరుదురు.

చిత్రములలో బలమున్నది. సర్కసులో యంత్రపుబొమ్మ వేషమున దాగిన హల్కు కొండవలె నుండును, వాస్ప్ తుమ్మెదయంత. అయినను కన్ను తడబడదు. కథ మాత్రము తొందరపాటుది: అంతవఱకు పోరాడినవారు కడపటి పుటలో క్షణములో జట్టు కట్టుదురు. మహాబలులకు లొంగని లోకిని తుదకు చీమలు సీసపు తొట్టిలో పడవేయుట మాకు నచ్చినది. చలిచీమల బలము మన పిల్లలెఱిగినదే గదా!

సోదరీమణులారా, ఐదుగురిలో స్త్రీ వాస్ప్ ఒక్కతెయే. జట్టునకు పేరు సూచించినది ఆమెయే. ఐనను రచయిత ఆమెచే పలికించినవి సోకులు, అందగానిపై మోజులు. బుద్ధి చూపిన స్త్రీని నవ్వులపాలు చేయుట ఈ కథకు పెద్ద కొఱత.

పుస్తకమును బిడ్డల చేతినుండి లాగికొనవలదు. ప్రక్కన కూర్చుండి, ఆమె చేసిన పనికిని, ఆమెచే పలికించిన మాటకును గల భేదమును వారిచేతనే చెప్పింపుడు.