సొంత ఖర్చుతో వేసిన పుస్తకానికి తిరస్కారం ఎక్కడ ఎదురవుతుంది?

ప్రచురణకర్తల గుమ్మం తొక్కకుండా సొంత సొమ్ముతో పుస్తకం అచ్చు వేయించిన రచయితకు తిరస్కారం బెడద తప్పినట్లేనని చాలామంది భావిస్తారు. అది తప్పదు, చోటు మాత్రం మారుతుంది. ప్రచురణకర్త అనవలసిన 'వద్దు'ను అంగడివాడు, సమీక్షకుడు, గ్రంథాలయ ఎంపిక సంఘం, చివరకు పొరుగింటివాడు అంటారు. అప్పటికి డబ్బు ఖర్చయిపోయి, ఐదువందల ప్రతులు అటకెక్కి ఉంటాయి.

దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్ ఆవరించిన మన పావగడ తాలూకాలో ఈ చిక్కు మరొక రూపం దాల్చింది. మంగళవాడలో ఇంటి భాష తెలుగైన పిల్లలనేకులు బడిలో నేర్చినది కన్నడ లిపి. తెలుగులో కథ చెబితే ఆసక్తితో వింటారు. అదే కథ అచ్చులో చేతికిస్తే పక్కన పెడతారు. దీనిని తన రచనకు జరిగిన అవమానంగా రచయిత భావించరాదు. ఇక్కడి పాఠకుని కోరేవారు కొన్ని ప్రతులను తెలుగు భాషలోనే, కన్నడ లిపిలో వేయించడం మేలు. లిపి మారితే భాష చెడుతుందనే వాదనను నేను అంగీకరించను.

ఇక సమీక్షకుల సంగతి. తెలుగు రాని చోట డీటీపీ చేయిస్తే ఒత్తులు తారుమారవుతాయి. అను ఫాంటు నుండి యూనికోడ్‌కు మార్చినప్పుడూ అక్షరాలు చెదురుతాయి. మొదటి పుటలోనే నాలుగు తప్పులు కనిపిస్తే కథ ఎంత మంచిదైనా చదివేవారుండరు. మన మాండలికాన్ని మాత్రం తప్పుగా ఎంచి దిద్దనక్కరలేదు. అచ్చుతప్పు వేరు, యాస వేరు.

గ్రంథాలయాలకు పంపదలచినవారు ఐఎస్‌బీఎన్ సంఖ్య తీసుకోవాలి. రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ దీనిని ఉచితంగా ఇస్తుంది కనుక దళారులకు డబ్బు చెల్లించనక్కరలేదు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజులలోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీలలోని మూడు గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలి. సొంతంగా ప్రచురించిన రచయితే ఇక్కడ ప్రచురణకర్త.

ఇన్ని జాగ్రత్తలు పడినా కాదనేవారు ఉంటారు. ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ బృహన్నవల తొలి సంపుటాన్ని ప్రచురణ సంస్థలు నిరాకరించగా 1913లో ఆయన తన ఖర్చుతోనే వెలువరించాడు. నిరాకరించినవారిలో ఒకరైన ఆంద్రే జీద్ మరుసటి ఏడాదే క్షమాపణ కోరుతూ ఆయనకు లేఖ రాశాడు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం 1940లోనే ముందుమాట రాసినా పుస్తకం వెలువడినది 1950లో. అందరికీ ఇంతటి అదృష్టం పట్టదు, నిజమే. మనకు మరింత దగ్గరి ఉదాహరణ కన్నడ నవలాకారుడు గళగనాథుడు. ఆయన తన పుస్తకాల మూటను తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మేవాడు. ఈనాడు కావలసినన్ని ప్రతులే వేసే సదుపాయం ఉంది కనుక మూట అంత బరువుండనక్కరలేదు. ముందు యాభై ప్రతులు వేయించి, నలుగురు చేరే చోట రెండు పుటలు పైకి చదివి వినిపించి, అడిగినవారికే ఇవ్వవచ్చు.